సరోగేట్ లేని సరోగసీ: అసలు మలుపు 2017లోనే

సికింద్రాబాద్ ఫెర్టిలిటీ సెంటర్ వ్యవహారం మళ్లీ వార్తల్లోకి వచ్చేసరికి "సరోగసీని పూర్తిగా బ్యాన్ చేసేయాలి" అనే గోల కూడా మళ్లీ మొదలైంది. సరోగసీ అంటే ఒక దంపతుల బిడ్డను మరో మహిళ (సరోగేట్) తన కడుపున మోసి కని ఇవ్వడం. ఆవేశపడే ముందు ఒక సంగతి గుర్తుచేసుకోవాలి. 2025 జులైలో బయటపడిన ఆ కేసులో, పోలీసులు చెప్పిన ప్రకారం, అసలు సరోగసీయే జరగలేదు. ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బేబీ పద్ధతి) కోసం వెళ్లిన దంపతులకు సరోగసీ అయితే మేలని నచ్చజెప్పి, దాదాపు 35 లక్షలు తీసుకుని, విశాఖపట్నంలో మీ బిడ్డ పుట్టాడని తెచ్చి చేతిలో పెట్టారు. అనుమానం వచ్చి డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే ఆ బిడ్డ వాళ్ల బిడ్డ కాదని తేలింది. అస్సాంకు చెందిన ఒక పేద జంటకు 90 వేలు ఇచ్చి వాళ్ల బిడ్డను తెచ్చారని పోలీసుల మాట. నిజానిజాలు కోర్టులో తేలాలి. పోలీసులు చెప్పిందే నిజమైతే మాత్రం ఇది శిశువిక్రయం, దీనికి సరోగసీ అన్నది పైన వేసిన ముసుగు.

మరి తమ బిడ్డను మోస్తున్నది ఎవరో చూడకుండానే అంత డబ్బు ఎలా కట్టారు అని చాలామంది అడుగుతున్నారు. నాకు మాత్రం ఇందులో పెద్ద వింత కనిపించలేదు. సరోగసీ చట్టం ప్రకారం వెళితే జిల్లా మెడికల్ బోర్డు సర్టిఫికెట్, ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ ఆర్డర్, మోసే మహిళ అర్హత పత్రం, ఆమె పేరున ఇన్సూరెన్స్, ఇవన్నీ ఉండాలి, అంటే ఆమె ఎవరో ఎక్కడో ఒక కాగితం మీద కనిపించి తీరుతుంది. కానీ ఆమెకు డబ్బు ఇవ్వడమే నేరమైనప్పుడు, డబ్బు కడుతున్న దంపతులు "ఆమెను ఒకసారి చూపించండి" అని గట్టిగా అడగలేరు. "అవన్నీ మేం చూసుకుంటాం" అని ఎవరైనా అంటే తల ఊపుతారు.

ఈ పరిస్థితి ఎలా వచ్చిందో చెప్పాలంటే జపాన్ దంపతుల కోసం ఇక్కడ పుట్టి ఎవరి బిడ్డో తేలక వివాదమైన పాప కేసు, సరోగసీకి పేరుపడిన గుజరాత్ ఆనంద్ క్లినిక్, 2015లో విదేశీయులకు సరోగసీ తలుపులు మూయడం అంటూ మొదలుపెట్టడం అలవాటు. అవన్నీ చదివే ఉంటారు కాబట్టి వదిలేస్తున్నా. నా లెక్కలో చూడాల్సింది 2017 జూన్, ఆగస్టు, ముందు హైదరాబాద్, తర్వాత ఢిల్లీ.

ఆ ఏడాది జూన్‌లో బంజారాహిల్స్‌లోని ఒక ఇన్‌ఫెర్టిలిటీ సెంటర్ మీద పోలీసులు దాడి చేస్తే, ఒకే కప్పు కింద నలభై మందికి పైగా సరోగేట్ మహిళలు కనిపించారు. కాన్పు అయ్యేదాకా అక్కడే ఉండాలి. తలా రెండున్నర మూడు లక్షలు ఇస్తామన్నారని, పిల్లలు కావాలన్నవాళ్ల దగ్గర దానికి ఎన్నో రెట్లు వసూలు చేశారని అప్పుడు వార్తలొచ్చాయి. పేపర్లన్నీ "అద్దె గర్భాల దందా" అని హెడ్డింగులు పెట్టాయి (ఆ "అద్దె గర్భం" అన్న మాటను ఎప్పుడు మానేస్తామో, కడుపు అద్దెకిచ్చే గది కాదు కదా). చిక్కేమిటంటే, డబ్బు తీసుకుని బిడ్డను మోయడం అప్పటికి నేరం కాదు. ఉన్నవల్లా భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2005లో పెట్టిన మార్గదర్శకాలు, వాటికి చట్టం బలం లేదు. అందరూ కలిసి ఆ మహిళల ఫొటోలు చూశారు తప్ప, ఒప్పందంలో ఏముంది, ఎవరి చేతిలో ఉంది, ఏదైనా అయితే ఆసుపత్రి ఖర్చు ఎవరిది అన్నవి పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

సరిగ్గా ఆ ప్రశ్నలే రెండు నెలలకు పార్లమెంటరీ స్థాయీ సంఘం అడిగింది. డబ్బు తీసుకోకుండా దగ్గరి బంధువే మోయాలంటూ 2016లో లోక్‌సభకు వచ్చిన సరోగసీ బిల్లును రామ్‌గోపాల్ యాదవ్ అధ్యక్షతన ఆరోగ్య శాఖ స్థాయీ సంఘం పరిశీలించి, 2017 ఆగస్టులో 102వ నివేదిక ఇచ్చింది. అందులో వాళ్లు రాసింది ఎంత సూటిగా ఉంటుందంటే: దంపతులకు బిడ్డ దక్కుతుంది, డాక్టర్లకు, లాయర్లకు, ఆసుపత్రులకు ఫీజులు ముడతాయి, తొమ్మిది నెలలు మోసిన మనిషి మాత్రం ఒక్క పైసా తీసుకోకుండా ఉదారంగా ఉండాలా? గర్భం ఒక నిమిషం పని కాదన్నారు. దగ్గరి బంధువే మోయాలన్న నిబంధననూ తప్పుబట్టారు. మన ఇళ్లలో కోడలి మీదో తోటికోడలి మీదో ఒత్తిడి ఎలా వస్తుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. అందుకే పరిహారంతో కూడిన పద్ధతి ఉండాలని, పోయిన కూలి, పోషకాహారం, కౌన్సెలింగ్, ఆమె సొంత పిల్లల సంరక్షణ, కాన్పు తర్వాతి వైద్యం అన్నీ అందులో లెక్కగట్టాలని సిఫార్సు చేశారు.

ప్రభుత్వం ఆ దారి పట్టలేదు. డబ్బు ఇవ్వవచ్చంటే పేద మహిళల దోపిడీ ఆగదని, మాతృత్వం వ్యాపారమవుతుందని దాని వాదన. కొన్ని మహిళా సంఘాలు కూడా ఇదే మాట అన్నాయి, అది తీసిపారేయాల్సిన మాట కూడా కాదు. 2020లో రాజ్యసభ సెలెక్ట్ కమిటీ బంధువు నిబంధన తీసేయించి "ఇష్టపడిన ఏ మహిళైనా" అని మార్పించింది, ఇన్సూరెన్స్‌ను 16 నెలల నుంచి 36 నెలలకు పెంచమంది. డబ్బు సంగతి మాత్రం కదల్లేదు. 2022 జనవరి 25 నుంచి అమల్లో ఉన్న సరోగసీ చట్టం ప్రకారం, మోసే మహిళకు 25 నుంచి 35 ఏళ్ల మధ్య వయసు, పెళ్లి, సొంత బిడ్డ ఉండాలి, జీవితంలో ఒక్కసారే మోయాలి, వైద్య ఖర్చులు, ఇన్సూరెన్స్ లాంటివి తప్ప ఏమీ తీసుకోకూడదు. డబ్బిచ్చి చేయిస్తే క్లినిక్‌కు పదేళ్ల దాకా జైలు, దంపతులకు మొదటిసారి ఐదేళ్ల దాకా. బంధువు నిబంధన కాగితం మీద పోయింది కానీ, ఊరికే మోయడానికి బంధువు కాక ఇంకెవరొస్తారు?

ఆ తర్వాత కోర్టుల్లో నడిచిందంతా పిల్లలు కావాలనుకునేవాళ్ల కథే. దాత అండం, దాత వీర్యం వాడకూడదని 2023 మార్చిలో నిబంధన మార్చారు, పుట్టుకతో గర్భాశయం లేని ఒక మహిళ సుప్రీంకోర్టుకు వెళితే ఊరట దొరికింది, 2024 ఫిబ్రవరిలో ప్రభుత్వమే దాన్ని సడలించింది. చట్టానికి ముందే పిండాలు ఫ్రీజ్ చేయించుకున్న దంపతులకు, చట్టం దంపతులకు పెట్టిన వయసు పరిమితి వర్తించదని 2025 అక్టోబరులో తీర్పొచ్చింది. అన్నీ న్యాయమైనవే. కానీ నాకు గుర్తున్న ఈ పెద్ద కేసుల్లో ఎక్కడా మోసే మహిళ వచ్చి "నా సంగతేంటి" అని అడిగింది లేదు. అడిగితే ముందు తను డబ్బు తీసుకున్నానని ఒప్పుకోవాలి మరి.

2025 ఆగస్టులో, సికింద్రాబాద్ కేసు వేడి తగ్గకముందే, హైదరాబాద్ శివారు పేట్ బషీరాబాద్‌లో ఒక ఇంట్లో సరోగేట్ మహిళలను ఉంచి నడుపుతున్న వ్యవహారాన్ని పోలీసులు పట్టుకున్నారు. ఇల్లు నడుపుతున్న ఆమె కూడా ఒకప్పుడు అండాలు ఇచ్చి, సరోగేట్‌గా బిడ్డను మోసినావిడేనని చెప్పారు. ఈ పనిలో మోసేవాళ్లకు ఎంత వస్తుందో, మధ్యలో మాట్లాడిపెట్టేవాళ్లకు ఎంత వస్తుందో ఆమె దగ్గర నుంచి చూసే ఉంటుంది.