మాట దాగింది, మనిషి దాగాడా?

శ్రీకాకుళం జిల్లా తీరపల్లెల నుంచి ఎంతోమంది మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ రేవుకు వలస వెళ్లి, అక్కడి బోట్ల మీద వేటకు పోతుంటారు. బోటు నడిసముద్రంలో ఉన్నన్నాళ్లూ ఫోనుకు సిగ్నల్ ఉండదు. ఎచ్చెర్ల మండలంలోని ఇంటి నుంచి భార్య పంపిన వాయిస్ మెసేజి, బోటు రేవు చేరి ఫోనుకు సిగ్నల్ అందిన తరువాతే భర్తకు వినిపిస్తుంది. అంతవరకు ఆ మెసేజి ఎక్కడ ఉంది, దానిని మధ్యలో ఎవరైనా వినగలరా అన్న ప్రశ్నకు జవాబు వెతికితే, వాట్సాప్, సిగ్నల్ వంటి యాప్‌ల లోపలి ఏర్పాటు చాలావరకు బోధపడుతుంది.

ఆ మెసేజి కంపెనీ సర్వర్‌లోనే ఉంటుంది. చేరని మెసేజీలను వాట్సాప్ 30 రోజుల వరకు అట్టిపెట్టి, ఆ తరువాత తొలగిస్తుంది. అయితే సర్వర్‌లో ఉన్నది అర్థం లేని అంకెల ముద్ద మాత్రమే. దానిని తిరిగి మాటలుగా మార్చడానికి కావలసిన కీ పంపినవారి ఫోనులోను, అందుకునేవారి ఫోనులోను తప్ప మరెక్కడా ఉండదు. దీనినే ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ అంటున్నారు. ఇక్కడ తెలివైన పాఠకుడికి వెంటనే ఒక సందేహం రావాలి. ఇద్దరి దగ్గరా ఒకే కీ ఉండాలంటే, ఎవరో ఒకరు దానిని రెండోవారికి పంపాలి కదా, అలా పంపేటప్పుడు దారిలో ఉన్నవాడు దానినే కాజేస్తే?

ఈ చిక్కుముడిని 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ అనే ఇద్దరు అమెరికన్లు విప్పారు. (బ్రిటిష్ గూఢచారి సంస్థలోని గణితవేత్తలు అంతకుముందే ఇటువంటి పద్ధతిని కనిపెట్టారు గాని, ఆ సంగతి 1997 దాకా బయటకు రానివ్వలేదు. రహస్యాలను కాపాడే విద్య తానే రహస్యంగా మిగిలిపోయిన కథ అది.) డిఫీ, హెల్‌మన్‌ల పద్ధతిని చిన్న అంకెలతో చేసి చూడవచ్చు. అందరికీ తెలిసిన రెండు సంఖ్యలు 3, 17 అనుకుందాం. భార్య ఫోను తన మనసులో 6 అనుకుంటుంది, భర్త ఫోను 7 అనుకుంటుంది. ఆమె ఫోను 3ను ఆరుసార్లు వేసుకుని గుణించి, వచ్చిన 729ని 17తో భాగించి, శేషం 15ను బాహాటంగా పంపుతుంది. అతని ఫోను 3ను ఏడుసార్లు వేసుకుని గుణించి, 2187ను అలాగే భాగించి, శేషం 11ను పంపుతుంది. ఇప్పుడు ఆమె ఫోను 11ను ఆరుసార్లు, అతని ఫోను 15ను ఏడుసార్లు గుణించి 17తో భాగిస్తే, ఇద్దరికీ 8 అనే శేషమే వస్తుంది. అదే వారి ఉమ్మడి కీ. దారిలో కాపు కాసినవాడికి 3, 17, 15, 11 కనిపించాయి గాని 6, 7, 8 కనిపించలేదు. ఇంత చిన్న అంకెలైతే పలకా బలపం పట్టుకున్న పిల్లవాడైనా వరుసగా ప్రయత్నించి పట్టేయగలడు. అందుకే నేటి యాప్‌లు డేనియల్ బెర్న్‌స్టీన్ రూపొందించిన కర్వ్25519 అనే గణిత వక్రరేఖ మీద, 77 అంకెల దాకా ఉండే సంఖ్యలతో ఈ లెక్క చేస్తాయి. అక్కడ వరుసగా ప్రయత్నించడం ఏ కంప్యూటరుకూ అయ్యే పని కాదు.

మరి సముద్రంలో ఉన్న భర్త ఫోను తన వంతు సంఖ్యను ఎలా పంపుతుంది? యాప్ వేసుకున్ననాడే ఫోను అటువంటి బహిరంగ సంఖ్యలను కొన్నింటిని ముందుగా తయారుచేసి సర్వర్‌లో దాచి ఉంచుతుంది. వాటికి జోడీలైన రహస్య సంఖ్యలు మాత్రం ఫోను దాటి బయటకు రావు. భార్య ఫోను ఆ నిల్వలోంచి ఒకదానిని తీసుకుని, భర్త ఫోను ఆఫ్‌లో ఉన్నా కీ తయారుచేసుకుంటుంది. మాక్సీ మార్లిన్‌స్పైక్, ట్రెవర్ పెరిన్ రూపొందించిన సిగ్నల్ ప్రొటోకాల్ అనే నియమావళిలో ఇది ఒక భాగం. 2016 ఏప్రిల్‌లో వాట్సాప్ దీనినే తన వంద కోట్లకు పైబడిన వినియోగదారులందరికీ అమర్చింది. ప్రతి మెసేజికీ కొత్త కీ పుట్టడం, వాడిన కీ చెరిగిపోవడం ఇందులోని మరో విశేషం. కొత్త కీ నుంచి పాత కీని వెనక్కు లెక్కగట్టడం సాధ్యం కాదు కనుక, ఈ రోజు కీలు దొంగిలించినవాడు నిన్నటి మెసేజీలను విప్పలేడు. ఇద్దరూ ఒకరికొకరు జవాబులు పంపుకుంటున్న కొద్దీ, పైన చెప్పిన లెక్క కొత్త సంఖ్యలతో మళ్లీ మళ్లీ జరుగుతుంది గనుక, రేపటివీ వాడికి అందకుండా పోతాయి.

సర్వరే మోసం చేసి భర్త సంఖ్యకు బదులు తన సంఖ్యను అందిస్తే ఏమిటన్న ప్రశ్న మిగిలి ఉంది. దానికి విరుగుడుగా ప్రతి సంభాషణకు, ఇద్దరి బహిరంగ సంఖ్యల నుంచి పుట్టిన 60 అంకెల భద్రతా కోడ్ ఒకటి ఉంటుంది. ఇద్దరి ఫోన్లలోను ఆ అంకెలు ఒకటిగా ఉన్నాయో లేదో ఎదురెదురుగా కూర్చుని సరిచూసుకోవాలి. నిజం చెప్పాలంటే ఆ పని చేసేవారు బహు అరుదు.

ఇంతవరకు మాటకు రక్షణ గురించి చెప్పుకున్నాం. మనిషికి రక్షణ వేరే సంగతి, అది ఇంతకన్నా కష్టమైనది. మూత్రపిండాల వ్యాధికి పేరుపడ్డ ఉద్దానంలో ఒక జీడిపప్పు కార్మికురాలు పలాసలోని కిడ్నీ ఆసుపత్రి నంబరుకు మెసేజి పెట్టిందనుకుందాం. పది నిమిషాల తరువాత చెన్నైలో ఉన్న కొడుకుకు, ఆ సాయంత్రం వడ్డీ వ్యాపారికి మెసేజీలు వెళ్లాయి. వీటిలో ఒక్క అక్షరం చదవకపోయినా, ఆ ఇంట్లో ఏం జరుగుతోందో ఊహించడానికి గొప్ప తెలివి అక్కరలేదు. ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఎక్కడి నుంచి అన్న ఈ వివరాలనే మెటాడేటా అంటారు. ఎన్‌క్రిప్షన్ వీటిని దానంతట అది దాచదు.

ఇక్కడే యాప్‌కూ యాప్‌కూ తేడా బయటపడుతుంది. 2016లో అమెరికాలోని వర్జీనియా నుంచి వినియోగదారుల వివరాలు కోరుతూ గ్రాండ్ జ్యూరీ (నేరాభియోగం మోపాలో లేదో తేల్చే పౌరుల మండలి) సమన్లు వచ్చినప్పుడు, సిగ్నల్ సంస్థ ఇవ్వగలిగినవి రెండే: ఖాతా తెరిచిన సమయం, చివరిసారి సర్వర్‌కు కలిసిన తేదీ. మిగిలినవి దాని దగ్గర లేనే లేవు. నా దృష్టిలో, వివరాలు మా దగ్గర ఉన్నా ఎవరికీ ఇవ్వం అని ఎంత పెద్ద కంపెనీ ప్రమాణం చేసినా, అది ఈ లేమికి సాటిరాదు. 2018లో సిగ్నల్ మరో అడుగు వేసి, పంపినవారి వివరాన్ని కూడా మెసేజి లోపలికే చేర్చింది. కవరు మీద ఫ్రమ్ అడ్రసు రాయకుండా, లోపలి ఉత్తరంలో మాత్రమే సంతకం చేసినట్టన్నమాట. టెలిగ్రామ్ సంగతి ఇందుకు భిన్నం. ప్రత్యేకంగా సీక్రెట్ చాట్ తెరిస్తే తప్ప, అందులోని మామూలు సంభాషణలకు ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షనే లేదు. చాలామంది దీనిని ఎరగరు.

అసలు చిక్కు ఫోన్ నంబరుతోనే. మన దేశంలో గుర్తింపు పత్రం చూపనిదే సిమ్ రాదు కాబట్టి, నంబరు తెలిస్తే మనిషి తెలిసినట్టే. డ్వాక్రా సంఘం పేరుతో నడిచే వాట్సాప్ గ్రూపులో చేరిన ప్రతి మహిళ నంబరూ, గ్రూపులోని ముక్కూమొహం తెలియని సభ్యుల చేతికి కూడా వెళుతుంది. సిగ్నల్ 2024లో యూజర్‌నేమ్‌లు తెచ్చి, ఎదుటివారికి నంబరు కనిపించకుండా చేసింది గాని, ఖాతా తెరవడానికి మాత్రం నంబరు కావాలి. సెషన్ అనే యాప్ అసలు నంబరే అడగదు. మెసేజిని మూడు వేర్వేరు కంప్యూటర్ల గుండా తిప్పి పంపుతుంది. మొదటిదానికి పంపినవారి చిరునామా తెలుసు గాని గమ్యం తెలియదు, చివరిదానికి గమ్యం తెలుసు గాని బయలుదేరిన చోటు తెలియదు. బ్రయార్ అనే మరో యాప్ ఇంటర్నెట్ లేనప్పుడు దగ్గరలోని ఫోన్ల మధ్య బ్లూటూత్ లేదా వై-ఫై మీద మెసేజీలు నడిపిస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాను కుదిపినట్టు మరోసారి జరిగితే అటువంటిది అక్కరకు రావచ్చు, అందరూ ముందే వేసుకుని ఉంటే.

ప్రభుత్వానికీ ఒక వాదన ఉంది. 2021 ఐటీ నియమాల ప్రకారం, పెద్ద మెసేజింగ్ సంస్థలు న్యాయస్థానం గాని, అధికారం కలిగిన అధికారి గాని ఆదేశించినప్పుడు, ఒక మెసేజిని మొట్టమొదట పుట్టించినవారెవరో చెప్పగలగాలి. పిల్లల మీద లైంగిక నేరాల వంటి కేసులు చేతికొచ్చిన పోలీసులకు ఇది న్యాయమైన కోరికగానే తోస్తుంది. అయితే ఒకరి మూలాన్ని చెప్పడానికి అందరి జాడలనూ భద్రపరచవలసి వస్తుందంటూ వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. ఎన్‌క్రిప్షన్‌ను ఛేదించక తప్పదంటే భారత్ నుంచి వెళ్లిపోతామని 2024 ఏప్రిల్‌లో ఆ సంస్థ న్యాయవాది కోర్టులోనే అన్నారు. వాట్సాప్ వాదన వెనుక వ్యాపారం లేదని నేననుకోను గాని, సాంకేతికంగా ఆ అభ్యంతరం సరైనదే.

ఇక ఏ గణితమూ కాపాడలేనివి సంభాషణకు రెండు కొసల్లో ఉన్న ఫోన్లు. 2019లో బయటపడిన పెగసస్ అనే గూఢచారి సాఫ్ట్‌వేర్ దాడిలో దాదాపు 1,400 ఫోన్లే లక్ష్యమయ్యాయి. ఎన్‌క్రిప్షన్ జోలికి పోకుండా, అది నేరుగా ఫోనులోకే చొరబడింది. మనకు నిత్యం ఎదురయ్యే ప్రమాదం దానికన్నా చాలా సాదాసీదాది. బొబ్బిలిలోనో చీపురుపల్లిలోనో జిరాక్సు షాపుకు వెళ్లి, ఆధార్ కార్డును, బ్యాంకు పాసుపుస్తకాన్ని షాపు వాట్సాప్ నంబరుకు పంపి ప్రింటు తీయించుకుంటాం. ఆ ఫైలు దారిలో ఏ సర్వర్‌కూ చిక్కకుండా భద్రంగా చేరుతుంది, షాపు కంప్యూటరులో డౌన్‌లోడ్స్ ఫోల్డరుకు. అక్కడ కూర్చున్న ఎవరైనా దానిని తెరవవచ్చు. పంపిన మెసేజిని ఆ తరువాత మనం ఫోనులో డిలీట్ చేసినా, డౌన్‌లోడ్ అయిన ఫైలు మాత్రం పోదు. ప్రింటు చేతికి రాగానే, డబ్బు ఇచ్చేముందు, మన కళ్లెదుటే ఆ ఫైలును, రీసైకిల్ బిన్‌తో సహా, తీసేయమని అడగాలి.