ఫోన్లో ప్రేమ, స్టేజీ మీద నవ్వు: కొన్ని అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో ఉంటూ నాటికలు, యూట్యూబ్ కోసం షార్ట్ ఫిల్ములు రాస్తుంటాను. ఎక్కువగా ప్రేమ, హాస్యం కలిసినవే. కొత్తగా రాస్తున్న పిల్లలు పంపే స్క్రిప్టుల్లో కొన్ని నమ్మకాలు పదేపదే కనిపిస్తున్నాయి. వాళ్ళ కోసమే ఇది.

అపోహ: చేతిలో ఫోన్ ఉన్నాక అపార్థాలకి చోటెక్కడ? ఇక హాస్యం ఎలా పుడుతుంది?

వాస్తవం: పూర్వం ఉత్తరం దారి తప్పితే కథ నడిచేది. ఇప్పుడు కబురు చేరిందని తెలుస్తుంది, జవాబెందుకు రాలేదో తెలీదు. నవ్వుకి ఇదే మంచి నేల. వాట్సాప్‌లో నీలం టిక్కులు 2014 నవంబరులో వచ్చాయి. చాలా స్క్రిప్టులు ఇంకా "చూసి కూడా జవాబివ్వలేదు" అన్న గొడవ దగ్గరే ఆగిపోతున్నాయి. ఇంకాస్త లోపలికి వెళ్ళండి. ఆ టిక్కులు ఆపేసుకోవచ్చు, కానీ ఆపినవాళ్ళకి అవతలివాళ్ళవీ కనపడవు. పైగా టిక్కులు ఆపినా వాయిస్ మెసేజ్ విన్న సంగతి దాగదు. వినగానే పంపినవాళ్ళ ఫోన్లో మైకు బొమ్మ నీలంగా మారిపోతుంది.

ఇప్పుడు సీను చూడండి. రాజాం అమ్మాయి అలిగి టిక్కులు ఆపేసింది. బొబ్బిలి అబ్బాయి బతిమాలుతూ వాయిస్ పంపాడు. ఈమె మళ్ళీ మళ్ళీ విని, మురిసిపోయి, "నేనింకా వినలేదు" అని టైప్ చేసింది. అక్కడ మైకు నీలంగా ఉంది. అతనికి తెలిసిపోయిందని ఆమెకి తెలీదు, మనకి తెలుసు. ఒక్క జోకు రాయకుండానే హాలంతా నవ్వుతుంది.

అపోహ: డేటింగ్ యాప్‌లు హైదరాబాదు కథలకే పనికొస్తాయి.

వాస్తవం: ఈ యాప్‌లు దూరాన్ని బట్టి మనుషుల్ని చూపిస్తాయి. శ్రీకాకుళంలో కూర్చుని ఆ దూరం తగ్గిస్తే మేనత్త కొడుకు, ఒకప్పటి ట్యూషన్ మేష్టారు కనపడతారు. పెంచుకుంటూ పోతే విశాఖ వచ్చేస్తుంది. మహానగరంలో ఈ ఇరకాటం దొరకదు. ఇక కలుసుకునే రోజు సంగతి. హైదరాబాదు అబ్బాయి రైలు దిగి "శ్రీకాకుళం వచ్చేశాను" అని మెసేజ్ పెడతాడు. దిగింది శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో, అంటే ఆమదాలవలసలో. అమ్మాయేమో 10 కిలోమీటర్లకు పైగా అవతల, ఏడురోడ్ల జంక్షన్లో నిలబడి ఉంది. ఆ ఆటో ప్రయాణమంతా మీ కథే. ఊరు చేతిలో పెట్టిన ఇలాంటి సీను వదిలేసి కాఫీ షాపు సెట్టు వెయ్యకండి.

అపోహ: హీరో హీరోయిన్లు పుస్తకాల తెలుగు మాట్లాడాలి, మన యాస కమెడియన్‌కి ఇవ్వాలి.

వాస్తవం: నాకు నిజంగా కోపం తెప్పించేది ఇదే. 1892లో గురజాడ 'కన్యాశుల్కం' మొదటిసారి ఆడింది ఈ విజయనగరంలోనే, జనం మాట్లాడుకునే భాషలో. అదే ఊళ్ళో కూర్చుని మన పిల్ల నోట్లో అరువు మాటలు పెడతామా? "నీ కోసం వేచి ఉన్నాను" అని ఏ పాలకొండ అమ్మాయీ టైప్ చెయ్యదు. "ఏటి, ఇంకా రాలేదేటి? బేగి రా" అంటుంది. అందులో అలకా ఉంది, ప్రేమా ఉంది. నవ్వు పరిస్థితిలోంచి రానివ్వండి, యాసలోంచి పిండకండి.

అపోహ: అమ్మానాన్నలు విలన్లు.

వాస్తవం: కొడుకు ప్రొఫైల్ మ్యాట్రిమోనీ సైటులో పెట్టి, వాడి పేరుతో తనే చాటింగ్ చేసే నాన్న విలనెలా అవుతాడు? ఆయనకి ఇంకో రెండు సీన్లు రాయండి.

అపోహ: చాటింగ్ స్టేజీ మీద కుదరదు, తెర కావాలి.

వాస్తవం: తెర అక్కర్లేదు. ఇద్దర్నీ చెరో పక్కన నిలబెట్టి, ఒకరివైపొకరు చూడకుండా జనానికేసి మాట్లాడించండి. పంపిన మాట పైకి అనాలి. టైప్ చేసి చెరిపేసిన మాట కూడా అనాలి, కానీ అప్పుడు అవతలి పాత్రధారి మొహంలో ఏ కదలికా ఉండకూడదు. రిహార్సల్లో ఎక్కువ సమయం ఈ ఒక్కదానికే పెట్టండి.