లినక్స్ డెస్క్‌టాప్‌లో అడ్మిన్ పాస్‌వర్డ్: చిక్కు ఎక్కడ మొదలైంది?

బెంగళూరు మారతహళ్లిలో తెలుగు విద్యార్థులు చేరే శిక్షణ కేంద్రాల్లో ఒక పద్ధతి తరచూ కనిపిస్తుంది: ప్రింటర్ జోడించబోతే యంత్రం అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది, ప్రతిసారీ లేచి రాలేని ల్యాబ్ అసిస్టెంటు దాన్ని అందరికీ చెప్పేస్తాడు. దీన్ని ఆయన నిర్లక్ష్యమని తీసిపారేయడం న్యాయం కాదు.

1980 ప్రాంతంలో బఫెలో విశ్వవిద్యాలయంలో పుట్టిన సుడో, ఒక ఆదేశాన్ని రూట్ (యంత్రంపై పూర్తి అధికారమున్న ఖాతా) హక్కుతో నడిపే సాధనం; ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ కోసం రాసినది. 2004లో వచ్చిన తొలి ఉబుంటు (ఒక లినక్స్ రకం) రూట్ ఖాతాకు తాళం వేసి, వాడుకరి సొంత పాస్‌వర్డుతోనే సుడోను నడిపింది. గ్రాఫికల్ ప్రోగ్రాములకు గ్నోమ్ డెస్క్‌టాప్‌లో జీకేసుడో, కేడీఈ డెస్క్‌టాప్‌లో కేడీఈసు ఆ పని చేసేవి. అయితే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు ఎక్కించే సినాప్టిక్ ప్రోగ్రామును అలా తెరిస్తే ప్యాకేజీలు ఎక్కించే భాగమే కాదు, మెనూలూ బటన్లూ గీసే కోడ్ మొత్తం రూట్ అధికారంతో నడిచేది.

ఈ రెండింటినీ విడదీసింది లినక్స్ సంస్థ రెడ్‌హ్యాట్‌లో డేవిడ్ జ్యూథెన్ రాసిన పాలసీకిట్. 2007లో ఫెడోరా 8 అనే లినక్స్ రకంతో వచ్చిన ఈ ఏర్పాటులో ప్రోగ్రాము కిటికీ వాడుకరి పేరుతోనే నడుస్తుంది, అసలు పనిని వెనకనున్న సర్వీసు చేస్తుంది, ఆ ఒక్క పనికి అనుమతి ఉందా అన్నది పాలసీకిట్ తేలుస్తుంది. నా దృష్టిలో ఈ రంగంలో జరిగిన అసలైన మేలు ఇదే.

మరి ఏ పనికి పాస్‌వర్డ్ అడగాలి? 2009లో ఫెడోరా 12, యంత్రం ముందు కూర్చున్నవారెవరైనా డిజిటల్ సంతకమున్న ప్యాకేజీలను పాస్‌వర్డ్ లేకుండా ఎక్కించుకోవచ్చంది. తీవ్ర నిరసన రావడంతో వెనక్కి తగ్గింది. 2012లో పరిస్థితి తిరగబడింది: బడిలో ప్రింటర్ జోడించడానికి తన కూతురికి రూట్ పాస్‌వర్డ్ కావాల్సి వచ్చిందని లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ ఓపెన్‌సూసే అనే మరో లినక్స్ రకంపై బహిరంగంగా మండిపడ్డారు. మారతహళ్లి ల్యాబులో నేటికీ ఉన్నది ఆ ఇబ్బందే.

అదే ఏడాది పోల్‌కిట్‌గా పేరు మారిన పాలసీకిట్ 0.106 వెర్షనులో నియమాలను జావాస్క్రిప్టులోకి మార్చింది. డెబియన్ అనే లినక్స్ రకం మాత్రం 2023లో డెబియన్ 12 వచ్చేదాకా 0.105నే పట్టుకుని ఉంది. పాత పద్ధతిలో నియమాలు రాసిన పీకేఎల్ఏ ఫైలును కొత్త యంత్రంలో పెడితే, దానికి తోడు ప్యాకేజీ లేనిదే పోల్‌కిట్ దాన్ని చదవనే చదవదు. చాలామంది తడబడేది ఇక్కడే. ఈలోగా 2018లో జీకేసుడో ఉండే జీకేసు ప్యాకేజీ డెబియన్ నుంచి వెళ్లిపోయింది. ప్రోగ్రాము మొత్తాన్ని రూట్‌గా నడిపే, పోల్‌కిట్‌లోని పీకేఎగ్జెక్ ఆదేశంలో 2009 నుంచీ దాగిన లోపాన్ని 2022 జనవరిలో భద్రతా సంస్థ క్వాలిస్ బయటపెట్టింది.

ల్యాబుకు కావలసింది పోల్‌కిట్ నియమాలుండే రూల్స్.డి ఫోల్డరులో ఒక చిన్న ఫైలు: ఫలానా గ్రూపులోని వాడుకరి యంత్రం ముందే కూర్చుని ప్రింటర్ జోడించబోతే అనుమతించాలి, మిగతా పనులకు అడ్మిన్ పాస్‌వర్డ్ అడగాలి.