ఎకరాలు, అడుగులు, అంకెలు: సరదాకి స్కీ చేసేవారి అపోహలు - వాస్తవాలు

నేను డెన్వర్ శివార్లలో ఉంటాను. వారంలో ఐదు రోజులు కంప్యూటరు ముందు గడిచిపోతాయి. చలికాలపు శని, ఆదివారాలు మాత్రం సమ్మిట్ కౌంటీలో స్కీ సామగ్రి అద్దెకిచ్చే ఒక దుకాణంలో, బూట్లు తొడిగించే బల్ల దగ్గర గడుపుతాను. ఈ పనిలో పదకొండు చలికాలాలు నిండాయి. నేను పోటీల్లో దిగిన మనిషిని కాను. సరదాకి స్కీ చేస్తాను, నాలాగే సరదాకి వచ్చేవారి పాదాలు కొలుస్తాను. క్రిస్మస్ సెలవుల్లోనూ, మార్చిలో బడులకు ఇచ్చే సెలవుల్లోనూ డాలస్, హ్యూస్టన్ల నుంచి తెలుగు కుటుంబాలు బాగానే వస్తాయి. వారిలో చాలామంది ముందే పట్టిక తయారుచేసుకుని వస్తారు. ఏ రిసార్టు ఎన్ని ఎకరాలు, శిఖరం ఎన్ని అడుగులు, బూటు ఎంత గట్టిది, స్కీ ఎంత పొడవు అన్నీ అందులో ఉంటాయి. ఫోను కొనేటప్పుడు మెగాపిక్సెళ్లు లెక్కపెట్టే అలవాటే ఇక్కడికీ వస్తుందన్నమాట. ఆ పట్టికలో స్కీ చేయబోయే మనిషి బరువు, పాదం ఆకారం, అనుభవం మాత్రం ఉండవు. నేను రోజూ వినే అపోహలు చాలావరకు ఈ లోటు నుంచి పుట్టినవే.

అపోహ: ఎకరాలు ఎక్కువున్న రిసార్టుకు వెళ్తేనే ఇచ్చిన డబ్బుకు న్యాయం జరుగుతుంది.

కొలరాడోలోని వెయిల్ రిసార్టు విస్తీర్ణం 5,317 ఎకరాలు. యూటాలోని పార్క్ సిటీ 2015లో పక్కనున్న కాన్యన్స్‌తో కలిసి 7,300 ఎకరాలయింది. వినడానికి ఘనంగానే ఉంటుంది. అయితే వెయిల్‌కు పేరు తెచ్చిన బ్యాక్ బౌల్స్, వాటి వెనకనున్న బ్లూ స్కై బేసిన్ కొత్తవారు అడుగుపెట్టే చోట్లు కావు. బ్యాక్ బౌల్స్‌లో ఎక్కువ భాగం యంత్రంతో చదును చేయని దక్షిణపు వాలు. పగటి ఎండకు కరిగిన మంచు రాత్రికి గడ్డకట్టి, మర్నాడు పొద్దున గాజుపలకలా తయారవుతుంది. మొదటిసారో రెండోసారో స్కీ చేస్తున్నవారికి నాలుగైదు నున్నటి వాలులు, కొండ పైకి చేర్చే, నెమ్మదిగా నడిచే ఒక లిఫ్టు, కింద కారు పార్కింగు నుంచి బూట్లతో ఎక్కువ దూరం నడవనక్కరలేని ఏర్పాటు ఉంటే చాలు. ఈ కొలతతో చూస్తే, ఐసన్‌హోవర్ సొరంగానికి ఇవతలే ఉన్న లవ్‌లాండ్ లాంటి చిన్న రిసార్టు చాలా కుటుంబాలకు వెయిల్ కంటే మేలు. అక్కడ కొత్తవారికని వేరే లోయ ఉంది, వేగంగా దూసుకొచ్చేవారు ఆ దారిన పోరు. కాపర్ మౌంటెన్‌లో కొండే ఈ పని చేసిపెట్టింది. పడమటి చివర తేలిక వాలులు, మధ్యలో ఓ మోస్తరువి, తూర్పున కఠినమైనవి ఉంటాయి కాబట్టి, దారితప్పిన కొత్తవాడు నల్ల గుర్తున్న వాలు మీద తేలే ప్రమాదం తక్కువ.

అపోహ: ఒక రిసార్టులో నీలం గుర్తు వాలు దిగగలిగితే ఎక్కడైనా దిగవచ్చు.

ఉత్తర అమెరికాలో ఆకుపచ్చ వృత్తం తేలిక వాలుకు, నీలం చతురస్రం మధ్యస్థానికి, నల్ల వజ్రం కఠినానికి గుర్తు. అయితే ఏ గుర్తు పెట్టాలో నిర్ణయించేది ఆ రిసార్టే. తన దగ్గరున్న వాలులను ఒకదానితో ఒకటి పోల్చుకుని పెడుతుంది. అన్ని కొండలకూ వర్తించే కొలబద్ద లేదు. అందువల్ల ఒకచోట నీలం ఇంకోచోట నలుపుకు దగ్గరగా ఉండవచ్చు. ఐరోపాలో నీలానికీ నలుపుకూ మధ్య ఎరుపు కూడా ఉంటుంది గనుక అక్కడి లెక్క వేరు. కొత్త రిసార్టుకు వెళ్లిన రోజున నేనైనా సరే, దిగగలిగిన స్థాయికి ఒక మెట్టు కిందనుంచే మొదలుపెడతాను. మరో సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. అదే నీలం వాలు, పొద్దున తొమ్మిదింటికి యంత్రం దువ్విన చారలతో ఉన్నప్పుడు ఒకలా, మధ్యాహ్నం మూడింటికి గుట్టలు తేలి నీడ పడ్డాక మరోలా ఉంటుంది.

అపోహ: ఎత్తు పెరిగినకొద్దీ మంచు బాగుంటుంది.

ఇందులో సగం నిజముంది. ఎత్తున చలి నిలుస్తుంది, సీజను సాగుతుంది. అరపాహో బేసిన్ చాలా ఏళ్లు జూన్ దాకా తెరిచి ఉండటానికి కారణం అదే. అయితే మంచు ఎంత పడుతుందన్నది తుపానులు ఏ దారిన వచ్చి ఏ కొండకు ఒరుసుకుంటాయన్న దాని మీద ఆధారపడుతుంది. యూటాలోని ఆల్టా పాదం 8,530 అడుగుల ఎత్తున ఉంది. బ్రెకెన్‌రిడ్జ్ పాదం 9,600 అడుగులు. అయినా ఏడాదికి సగటున 500 అంగుళాలకు పైగా మంచు పడేది ఆల్టాలోనే. బ్రెకెన్‌రిడ్జ్ సగటు 350 అంగుళాల దరిదాపుల్లో ఉంటుంది. (ఆల్టాలో స్నోబోర్డును అనుమతించరు. ఇంట్లో ఒక్క పిల్లవాడు స్నోబోర్డు పట్టుకున్నా ఈ పోలిక అక్కడితో ముగిసినట్టే.)

ఎత్తుకు మూల్యం కూడా ఉంది. నిన్నటిదాకా డాలస్‌లో సముద్రమట్టానికి అయిదు వందల అడుగులైనా మించని చోట తిరిగినవారు, ఇవాళ రాత్రి 9,600 అడుగుల దగ్గర పడుకుంటే తలనొప్పి, వికారం, నిద్రలేమి సహజం. ఒక రాత్రి డెన్వర్‌లో ఆగి వెళ్లడం, మొదటి రోజు శరీరాన్ని ఎక్కువ శ్రమపెట్టకపోవడం, మద్యానికి దూరంగా ఉండటం నేను అందరికీ చెప్పే మాటలు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, నడక తడబడినా, మాట తీరు మారినా మాత్రలతో సరిపెట్టుకోకూడదు. వెంటనే కిందికి దిగి వైద్యుణ్ణి చూడాలి.

మన దేశంలో ఈ ఎత్తుల మోజుకు గుల్మార్గ్ గొప్ప ఉదాహరణ. అక్కడి గాండోలా (కేబుల్ కారు) రెండో అంచె అఫర్వాట్ మీద దాదాపు 4,000 మీటర్ల దగ్గర దింపుతుంది. పైనున్న వాలుల్లో చాలావరకు చదును చేయనివే, గస్తీ హద్దు దాటితే హిమపాతాలకు గురయ్యేవే. 2023, 2024 ఫిబ్రవరి నెలల్లో ఆ కొండ మీద విదేశీ స్కీయర్లు హిమపాతంలో మరణించారు. హైదరాబాదు నుంచి మొదటిసారి వెళ్లేవారికి గుల్మార్గ్‌లో కింది మైదానపు వాలులు గానీ, ఉత్తరాఖండ్‌లోని ఔలీలో తేలిక వాలులు గానీ సరిపోతాయి. గాండోలా ఎక్కడం చూసి రావడానికే అనుకోవాలి.

అపోహ: బూటు ఒక సైజు పెద్దదైతే హాయిగా ఉంటుంది, రెండు జతల మందపాటి మేజోళ్లు వేస్తే వెచ్చగా ఉంటుంది.

నా బల్ల దగ్గర అన్నిటికంటే ఎక్కువ సమయం తినేది ఈ అపోహే, అన్నిటికంటే ఎక్కువ సెలవులు పాడుచేసేదీ ఇదే. “బాబూ, బాగా బిగుతుగా ఉన్నాయి, కాస్త పెద్దవి ఇవ్వు” అని పెద్దావిడ అడిగితే కాదనడం కష్టం. అయినా కాదంటాను. నిలబడినప్పుడు కాలివేళ్ల కొసలు బూటు ముందు గోడను తాకాలి, మోకాళ్లు వంచి ముందుకు వాలగానే ఆ ఒత్తిడి పోవాలి. అప్పుడే అది సరైన సైజు. ఈ రెండో సగం చూడకుండా, నిటారుగా నిలబడి “నొక్కుతోంది” అనేవారే ఎక్కువ.

వదులు బూటులో జరిగేది ఇది. స్కీ అంచును మంచులోకి దించడానికి మోకాలు కదిపితే, ఆ కదలిక స్కీకి చేరకముందే పాదం బూటులో జారుతుంది. మడమ పైకి లేస్తుంది, పాదం ముందుకు జరిగి ప్రతి మలుపులోనూ వేళ్లు గోడకు కొట్టుకుంటాయి. సాయంత్రానికి బొటనవేలి గోరు నల్లబడేది పెద్ద బూటులోనే. జారుడు ఆపుదామని మనిషి బకిల్స్ అన్నీ బిగిస్తాడు. పాదం పైభాగంలో రక్తప్రసారం తగ్గి వేళ్లు చల్లబడతాయి. చలి వేస్తోందని ఇంకో జత మేజోళ్లు తొడుగుతాడు. అవి చెమటకు తడిసి ఇంకా చల్లబడతాయి. ఒకే ఒక్క జత, పలచటి ఉన్ని లేదా సింథటిక్ మేజోళ్లు చాలు. లోపల వేసుకునే పొడవాటి పైజామా అంచు కూడా బూటులోకి పోకూడదు, పిక్క దగ్గరే ఆగాలి. ఆ చిన్న మడతే మధ్యాహ్నానికి పిక్క ఎముక మీద కత్తిలా కోస్తుంది.

కొనేవారు తెలుసుకోవలసిన కొలతలు మూడు. మొదటిది పొడవు. స్కీ బూటు సైజు అంటే పాదం పొడవు సెంటీమీటర్లలో అని అర్థం. చాలా కంపెనీల్లో 26, 26.5 సైజులకు బయటి ప్లాస్టిక్ డొల్ల ఒకటే. అర సైజు పెంచి ఇమ్మని పట్టుబట్టినవారికి చాలాసార్లు దక్కేది అదే డొల్ల. డొల్ల సరిపోయిందో లేదో చూడాలంటే లోపలి మెత్త తీసేసి, పాదం పెట్టి, వేళ్లను ముందు గోడకు ఆనించాలి. మడమ వెనక రెండు వేళ్ల మందం ఖాళీ ఉంటే సరదాకి స్కీ చేసేవారికి సరి, మూడు వేళ్లు దూరితే పెద్దది. రెండోది వెడల్పు. ఇది సుమారు 98 నుంచి 104 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. చిన్నప్పటి నుంచి చెప్పులతో తిరిగిన మన పాదాలు ముందు భాగంలో వెడల్పుగా ఉండటం నేను తరచూ చూస్తుంటాను. అలాంటి పాదానికి సన్నని బూటు ఇస్తే నొప్పి పుడుతుంది, ఆ నొప్పికి సైజు పెంచడం తప్పు మందు. వెడల్పున్న బూటు అదే సైజులో అడగాలి.

మూడోది గట్టిదనాన్ని సూచించే ఫ్లెక్స్ సంఖ్య. 60 నుంచి 130 దాకా కనిపిస్తుంది. పెద్దదైతే మేలనుకోవడం మళ్లీ మెగాపిక్సెళ్ల లెక్కే. దీనికి అన్ని కంపెనీలూ పాటించే ప్రమాణం లేదు కాబట్టి ఒకరి 100 ఇంకొకరి 90 కావచ్చు. దుకాణంలో వెచ్చగా ఉన్నప్పుడు వంగిన ప్లాస్టిక్, బయట చలిలో బిగుసుకుంటుంది కూడా. బరువు తక్కువున్న కొత్తవారు 120 బూటు తొడిగితే చీలమండ వంగక, బరువు వెనక్కి పడి, తొడలు మండిపోతాయి.

తొడిగే పద్ధతికి కూడా వరుస ఉంది. మడమను నేలకు తట్టి వెనక్కి కూర్చోబెట్టాలి, చీలమండ దగ్గరి బకిల్‌ను ముందు బిగించాలి, ఆపై పిక్క మీదివి, వేళ్ల దగ్గరివి చివరికి ఊరికే తగిలించి వదిలేయాలి. ఈ వరుస తిరగేసినవారే ఒక గంటలో నా దగ్గరికి తిరిగి వస్తారు.

అపోహ: పొడవాటి స్కీ నిపుణుల స్కీ.

రెండు మీటర్ల సన్నటి తిన్నని స్కీలు వాడిన కాలపు మాట ఇది. 1993లో ఎలాన్ కంపెనీ నడుము సన్నగా, చివర్లు వెడల్పుగా ఉన్న ఎస్‌సీఎక్స్ స్కీని తెచ్చాక ఆ లెక్క మారిపోయింది. అంచు మీద వాల్చితే చాలు, ఆ వంపే మలుపు తిప్పుతుంది. కొత్తవారికి గడ్డం దాకా, కాస్త అనుభవం ఉన్నవారికి ముక్కు దాకా వచ్చే స్కీ సరిపోతుంది. నడుము వెడల్పు 85 మిల్లీమీటర్లకు లోపుంటే చదును వాలులకు అనువు. 100 దాటినవి లోతైన మెత్తటి మంచు కోసం. ఏడాదికి నాలుగు రోజులు, అదీ దువ్విన వాలు మీద తిరిగేవారు వెడల్పాటివి తీసుకుంటే, అంచు మార్చడానికి ఎక్కువ శ్రమపడటం తప్ప ఒరిగేదేమీ లేదు.

అపోహ: బైండింగ్ సంఖ్య ఎంత ఎక్కువైతే అంత భద్రం.

బూటును స్కీకి కలిపే బైండింగ్ పని దాన్ని పట్టుకోవడమే కాదు, అవసరమైన క్షణంలో వదిలేయడం కూడా. ఎంత బలానికి వదలాలో చెప్పే, దాని మీద కనిపించే డిన్ సంఖ్యను ఐఎస్‌ఓ 11088 ప్రమాణంలోని పట్టిక ప్రకారం, మనిషి బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, స్కీ చేసే తీరును బట్టి నిర్ణయిస్తారు. యాభై ఏళ్లు నిండినవారికి ఒక మెట్టు తగ్గిస్తారు. సంఖ్య అవసరానికి మించితే పడినప్పుడు స్కీ ఊడదు, కాలు మెలిపడుతుంది. తక్కువైతే మలుపు మధ్యలో ఊడిపోతుంది. ఇక్కడ మన కుటుంబాలతో ఒక చిక్కుంది. వియ్యాలవారి ముందో బావగారి ముందో ఫారం నింపాల్సి వస్తే బరువు పది పౌండ్లు తగ్గుతుంది, అనుభవం రెండేళ్లు పెరుగుతుంది. అందుకే నేను ఆ రెండు గడులూ పక్కకు పిలిచి నింపిస్తాను.

సరిగ్గా అమర్చిన బైండింగ్ కూడా మోకాలిలోని లిగమెంటుకు పూర్తి రక్షణ ఇవ్వదు. ఆధునిక బైండింగ్‌లు పిక్క ఎముక విరుగుళ్లను బాగా తగ్గించాయి గానీ, మోకాలి లిగమెంటు తెగడాన్ని అంతగా ఆపలేకపోయాయి. వెనక్కి పడుతూ లేచి నిలబడాలని ప్రయత్నించే క్షణం మోకాలికి చాలా ప్రమాదకరం. పడుతున్నామని తెలిశాక పక్కకు ఒరిగి పడిపోవడమే మేలు.

అపోహ: పాత సెట్టు చవగ్గా కొంటే అద్దె మిగులుతుంది.

బైండింగ్ తయారీదారులు ఏటా సర్దిపెట్టదగిన నమూనాల జాబితా ఇస్తారు. అందులో లేని పాత నమూనాలను ఏ మంచి దుకాణమూ సర్దిపెట్టదు. ఇంటర్నెట్‌లో నలభై డాలర్లకు దొరికిన స్కీలను మోసుకొచ్చి, సర్దిపెట్టేవారు లేక అవే గోడకు ఆనించి అద్దె స్కీలు తీసుకున్నవారిని చూశాను. పాత బూట్ల ప్లాస్టిక్ పెళుసెక్కి వాలు మధ్యలో చిట్లడమూ ఉంది. ఏడాదికి ఆరేడు రోజులు వెళ్లేవారు ముందుగా కొనవలసింది బూట్లు, అవీ పాదం కొలిపించుకున్నాక. స్కీలు అద్దెకే చాలు.

అపోహ: మన చాయకు సన్‌స్క్రీన్ అక్కరలేదు.

ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే అతినీలలోహిత కిరణాలు దాదాపు 10 శాతం పెరుగుతాయి. తాజా మంచు వాటిలో 80 శాతం దాకా తిరిగి ముఖం మీదికే కొడుతుంది. గడ్డం కింద, ముక్కు అడుగున కమిలిపోయేది అందుకే. జీన్సు ప్యాంటు గురించి వేరే చెప్పాలా? తడిసి గట్టిపడుతుంది. హెల్మెట్ కూడా అద్దెకు దొరుకుతుంది, తీసుకోండి.

అపోహ: టికెట్టు అక్కడికి వెళ్లి కొనుక్కోవచ్చు.

వెయిల్‌లో రద్దీ రోజున కిటికీ దగ్గర ఒక్క రోజు టికెట్టు ధర 300 డాలర్లు దాటింది. 2008లో పలు రిసార్టుల్లో చెల్లే ఎపిక్ పాస్ మొదలైనప్పుడు సీజనంతటికీ 579 డాలర్లు తీసుకున్నారంటే తేడా తెలుస్తుంది. ఎపిక్‌లో గానీ, 2018లో వచ్చిన ఐకాన్‌లో గానీ కొన్ని రోజులకే సరిపడే పాస్‌లు చాలా చవక. అయితే వాటి అమ్మకం సాధారణంగా డిసెంబరు మొదట్లోనే ఆగిపోతుంది. క్రిస్మస్ ప్రయాణం అనుకున్నవారు దీపావళి నాటికే తేల్చుకోవాలి.

ఇక దారి. సెప్టెంబరు 1 నుంచి మే 31 దాకా మోరిసన్, డాట్సెరో మధ్య ఐ-70 రహదారి మీద వెళ్లే, నాలుగు చక్రాల డ్రైవు లేని ప్రతి కారుకూ గాళ్లు తగినంత లోతుగా మిగిలిన మంచు టైర్లు గానీ, చైన్లు గానీ ఉండాలన్నది కొలరాడో చట్టం. విమానాశ్రయంలో అద్దెకిచ్చే కార్లన్నిటికీ అలాంటి టైర్లు ఉండవు. తాళాలు తీసుకునేముందు అడిగి, వంగి చూసుకోవాలి. మంచులో కారు నడిపిన అలవాటు లేనివారికి వింటర్ పార్క్ మరో దారి చూపిస్తుంది. సీజనులో నడిచే రోజుల్లో, డెన్వర్ యూనియన్ స్టేషనులో పొద్దున్నే రైలెక్కితే అది లిఫ్టుల దగ్గరే దింపుతుంది, సాయంత్రం అక్కడే ఎక్కించుకుంటుంది. ఆ రైల్లో బూట్లు విప్పేసి కూర్చున్నవారిని చూస్తే, ఆదివారం సాయంత్రాలు ఐ-70 మీద బ్రేకు తొక్కుతూ గడిపే నాకు కాస్త అసూయగానే ఉంటుంది.