ఎక్కిన ఒత్తిడి దిగే దారులు

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. పరీక్షలు దగ్గరపడినప్పుడు, ఇంట్లో మాటా మాటా పెరిగినప్పుడు, నిన్నటి స్నేహితులు ఇవాళ ముఖం చాటేసినప్పుడు మీకు కలిగే ఒత్తిడి గురించి రాస్తున్నాను. అటువంటి వేళల్లో పెద్దవాళ్లం సాధారణంగా "కంగారుపడకు" అని ఒక మాట అనేసి మా బాధ్యత తీరిందనుకుంటాం. అంతకంటే పనికిరాని సలహా మరొకటి ఉండదని నా అభిప్రాయం. కంగారు మన అనుమతి అడిగి వచ్చేది కాదు, పొమ్మంటే పోయేదీ కాదు. అది చాలావరకు ఒంట్లో జరిగే పని కనుక దాన్ని దించుకునే ప్రయత్నమూ ఒంటి దగ్గరే మొదలుపెట్టడం మేలు.

మన మూత్రపిండాలపైన అడ్రినల్ గ్రంథులు అనే రెండు చిన్న గ్రంథులు ఉంటాయి. ప్రమాదం ముంచుకొస్తోందని మెదడు భావించగానే ఇవి రక్తంలోకి అడ్రినలిన్ అనే హార్మోన్‌ను వదులుతాయి. వెంటనే గుండె వేగం పెరుగుతుంది, కండరాలకు రక్తం ఎక్కువగా అందుతుంది, అరుగుదల మందగిస్తుంది. కొన్ని నిమిషాల్లో ఈ గ్రంథులే వదిలే కార్టిసాల్ అనే మరో హార్మోన్ కూడా పెరిగి, శక్తి కోసం రక్తంలో చక్కెరను సిద్ధంగా ఉంచుతుంది. పోరాడటానికో పారిపోవడానికో శరీరం చేసుకునే ఈ సన్నాహాన్ని అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 20వ శతాబ్దం తొలినాళ్లలో వివరించారు. ఆ తరువాత హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త ఎలుకలపై ప్రయోగాలు చేసి, చలి అయినా, గాయమైనా, విషమైనా, కారణం ఏదైనా శరీరం ఒకే తీరుగా స్పందిస్తుందనీ, ఆ స్థితి ఎడతెగకుండా సాగితే చివరికి సొమ్మసిల్లిపోతుందనీ 1936లో ప్రకటించారు. కాబట్టి ప్రశ్నపత్రం చేతికందగానే గుండె దడదడలాడితే మీలో ఏదో లోపం ఉందని అనుకోకండి. ఆ కాస్త ఒత్తిడి చురుకుదనాన్నే ఇస్తుంది. పని ముగిసిన తరువాత కూడా అది దిగకుండా ఉండిపోవడమే చేటు.

దించుకోవడానికి అన్నిటికంటే దగ్గరి దారి ఊపిరి. గుండె కొట్టుకోవడాన్ని మనం నేరుగా ఆపలేం, తగ్గించలేం కానీ, ఊపిరిని మాత్రం కొంతవరకు మన ఇష్టప్రకారం నడిపించగలం. ఈ రెండింటికీ ఒక ముడి ఉంది. గాలి పీల్చినప్పుడు గుండె కొద్దిగా వేగం పుంజుకుంటుంది, వదిలినప్పుడు మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ అనే నరం ప్రభావం వల్ల నెమ్మదిస్తుంది. మణికట్టు దగ్గర, బొటనవేలి వైపున నాడి పట్టుకుని నిదానంగా ఊపిరి తీసి వదిలితే మీలో చాలామందికి ఈ తేడా స్వయంగా తెలుస్తుంది. అందువల్ల వదిలే ఊపిరి తీసుకునే ఊపిరికంటే పొడవుగా ఉండాలి. సెకనుకు ఒకటి చొప్పున నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదిలితే నిమిషానికి సుమారు ఆరు శ్వాసలవుతాయి. పెద్దవారు మామూలుగా తీసుకునేది 12 నుంచి 20 వరకు. నాలుగైదు నిమిషాలు చాలు. ఊపిరి బిగబట్టవద్దు, తల తిరిగినట్లుంటే మానేసి మామూలుగా శ్వాసించండి. ఒక్క విషయం మరువకండి. దీన్ని ఏ కంగారూ లేనప్పుడు రోజూ చేసి అలవాటు చేసుకుంటేనే అవసరం పడినప్పుడు అక్కరకు వస్తుంది, పరీక్ష గది గుమ్మం దగ్గర కొత్తగా మొదలుపెడితే అదీ ఒక పరీక్షలాగే తోస్తుంది.

పరుగెత్తడానికి సిద్ధమైన శరీరాన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఉంచడం న్యాయం కాదు కనుక నడవండి, ఆడండి. 5 నుంచి 17 ఏళ్లవారు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు వేడెక్కేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది.

నిద్ర విషయంలో మాత్రం మీ తరఫున పెద్దలతో వాదించాలని ఉంది. కౌమారంలో శరీరపు గడియారమే కొంత ఆలస్యంగా నడుస్తుంది. రాత్రి త్వరగా నిద్ర పట్టకపోవడం, తెల్లవారి లేవలేకపోవడం పూర్తిగా బద్ధకం కాదు. అయితే 13 నుంచి 18 ఏళ్లవారికి 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమన్న మాటను ఆ గడియారం మార్చలేదు. చదువు కోసం నిద్రను కోసుకునేవారికి ఒక సంగతి చెప్పాలి. పగలు చదివినది జ్ఞాపకంలో కుదురుకునేది చాలావరకు నిద్రలోనే. సెలవు రోజుల్లో కూడా లేచే వేళను మరీ మార్చకండి, పడుకునేటప్పుడు ఫోన్‌ను వేరే గదిలో పెట్టండి.

పడుకున్నాక రేపటి పనులన్నీ వరుసగా గుర్తుకొస్తున్నాయా? పడుకోబోయే ముందు అయిదు నిమిషాలు వాటిని కాగితంపై రాయండి. 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఆ రోజు పూర్తిచేసిన పనులను రాసుకున్నవారికంటే మున్ముందు చేయవలసిన పనులను రాసుకున్నవారు త్వరగా నిద్రపోయారు. "చదవాలి" అని కాకుండా, ఏ పాఠం, ఎన్ని పుటలు, ఏ వేళకు అన్నంత వివరంగా రాయండి. ఆ అధ్యయనంలో కూడా ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా నిద్ర పట్టింది.

ఇవన్నీ చేసినా రెండు వారాలకు మించి దిగులు, భయం వదలకపోయినా, తిండిపైనా ఆటపైనా ఆసక్తి పోయినా, అది ఊపిరితోనూ కాగితంతోనూ తీరే విషయం కాదు. మీరు నమ్మే పెద్దవారికి చెప్పి వైద్యుడి దగ్గరకు వెళ్లండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే మాత్రం రెండు వారాలు కాదు, ఆ పూటే చెప్పండి. మొదటి వ్యక్తి సరిగా వినకపోతే రెండో వ్యక్తికి చెప్పండి. ఎలా మొదలుపెట్టాలో తోచకపోతే "నాకు కొన్నాళ్లుగా బాగుండటం లేదు, కాసేపు నా మాట వింటారా" అని అడిగితే చాలు, మిగతాది అడిగి తెలుసుకోవడం వారి పని.

ఆశీస్సులతో,
మీ తాతయ్య