గల్లా మీద కూర్చునే మనిషికి ఏ గుణాలు కావాలి? కొన్ని అపోహలు, వాస్తవాలు

దేవరకొండ వైపు ఎరువులు, విత్తనాలు, పురుగుమందుల దుకాణం నడపబట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఏటా వానాకాలం ముందు ఎవరో ఒక అబ్బాయి వచ్చి, "అన్నా, నేను కూడా షాపు పెడదామనుకుంటున్న, నాకు సెట్టవుతదా?" అని అడుగుతాడు. పెట్టుబడి గురించి, లైసెన్సు గురించి అడిగేది తక్కువ. "నాకు మాటలు రావు", "నాకంత ధైర్యం లేదు", "మాది వ్యాపారం చేసే ఇల్లు కాదు", ఇవే ఎక్కువ. అడిగిన ప్రతి ఒక్కరికీ మళ్లీ మళ్లీ చెప్పడం కంటే ఒకసారి రాసి పెడితే నయమనిపించింది.

అపోహ: మాటకారి అయితేనే వ్యాపారం నడుస్తుంది.

నేనూ చాలా ఏళ్లు ఇలాగే అనుకున్నాను. పోయిన సీజన్‌లో ఒక పెద్దాయన తువ్వాలలో చుట్టుకుని నాలుగు పత్తి ఆకులు తెచ్చాడు. "సేటూ, చేనంత ఎర్రగైతాంది. మంచి మందియ్యి" అన్నాడు. మా దుకాణంలో కొత్తగా చేరిన పిల్లవాడు గలగలా మాట్లాడతాడు. నేను లేచి వచ్చేలోపే రెండు పురుగుమందు డబ్బాలు దించి బల్ల మీద పెట్టాడు. పెద్దాయన చెయ్యి అప్పటికే జేబులోకి పోయింది.

ఆకు తిప్పి చూశాను. ఆకు రసం పీల్చే దోమ లేదు, అంచులు కిందికి ముడుచుకోలేదు. ఈనెలు పచ్చగానే ఉన్నాయి, వాటి మధ్య భాగమే ఎర్రబారింది. పచ్చదోమ అయితే ఇలా ఉండదు. ఇది మెగ్నీషియం లోపం. విత్తి ఎన్ని రోజులైంది, ఇంతకుముందు ఏం కొట్టారు, వాన ఎప్పుడు పడింది, ఈ మూడూ అడిగాక అనుమానం తీరింది. లీటరు నీటికి పది గ్రాముల చొప్పున మెగ్నీషియం సల్ఫేటు కలిపి, వారం పది రోజుల తేడాతో రెండుసార్లు కొట్టమని చెప్పి ప్యాకెట్లు ఇచ్చాను. ఆ డబ్బాలతో పోలిస్తే చాలా చిన్న బేరం. మా పిల్లవాడి మొహం కూడా చిన్నబోయింది.

వాస్తవం ఏమిటంటే మా వ్యాపారంలో అడగడం, అడిగాక నోరు మూసుకుని వినడం వస్తే చాలు. మాటలు రాని మనిషికి ఇది ఇంకా తేలిక.

అపోహ: ధైర్యం చేసినవాడికే లాభం.

ఒక ఏడాది పత్తికి గులాబీ రంగు పురుగు విపరీతంగా వస్తుందని ఊరంతా ఒకటే మాట. నేను ధైర్యం చేశాను. చేతిలో ఉన్నదంతా పెట్టి, చాలక బయట అప్పు తెచ్చి, ఒకే మందు అటకల నిండా నింపాను. మిగిలితే వాపసు తీసుకుంటామని కంపెనీ తరఫున వచ్చిన అబ్బాయి మాటిచ్చాడు. కాగితం మీద రాయించుకోలేదు. ఆ ఏడు పురుగు అనుకున్నంత రాలేదు. వచ్చే ఏటికి ఆ అబ్బాయి ఉద్యోగం మారాడు, కొత్తగా వచ్చినాయన "నాకు తెలియదు సార్" అన్నాడు. మందు డబ్బా మీద గడువు తేదీ ఉంటుంది, అది దాటితే అమ్మడం నేరం. ఆ అప్పు తీరడానికి మూడు సీజన్లు పట్టింది.

ధైర్యం వద్దనను. కానీ సరుకు దించే ముందు రాత్రి ఒక లెక్క వేసుకుంటాను: ఇది మొత్తం పోయినా ఇంటి ఖర్చు, పిల్లల ఫీజు నడుస్తాయా? నడవవు అంటే సగమే దించుతాను. దీన్ని చూసి నన్ను పిరికివాడని అన్నవాళ్లున్నారు. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు వేరే పని చేసుకుంటున్నారు.

అపోహ: మంచితనం ఉంటే ఉద్దెరకు (అప్పుకు) ఇచ్చిన సరుకు డబ్బు దానంతట అదే వస్తుంది.

ఇక్కడే ఎక్కువ దుకాణాలు మూతపడ్డాయి, అందుకే కాస్త వివరంగా చెబుతాను. మా దగ్గర రైతుకు చేతిలో డబ్బు ఆడేది పంట అమ్మాకే. జూన్‌లో విత్తనం, జులైలో ఎరువు తీసుకెళ్లి, పత్తి అమ్మాక కడతాడు. ఉద్దెర ఇవ్వను అంటే దుకాణం తెరవాల్సిన పనే లేదు. ఇస్తే ఏమవుతుందో చూడండి. పది వేల సరుకు మీద మనకు మిగిలేది వెయ్యి అనుకుందాం. అంటే మన పెట్టుబడి తొమ్మిది వేలు. దాన్ని నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చి ఉంటే నెలకు నూట ఎనభై. ఆరు నెలలకు వెయ్యి ఎనభై. బాకీ మొత్తం నయాపైసతో సహా వసూలైనా ఎనభై రూపాయలు మన జేబులోంచే పోయాయి. రైతు మోసం చేయలేదు, మనమూ చేయలేదు, ఆలస్యమే తినేసింది.

మొహమాటం లేకపోతే చాలు, గట్టిగా అడిగితే వస్తాయంటారు. గట్టిగా అడిగి చూశాను. ఒకసారి హోటల్ దగ్గర నలుగురి మధ్య ఒకాయనను అడిగాను. సాయంత్రానికి బాకీ తెచ్చి బల్ల మీద పెట్టాడు, మళ్లీ దుకాణం మెట్టెక్కలేదు. ఆయన అన్నదమ్ములూ ఎక్కలేదు.

నాకు పనికొచ్చింది అలవాటు, గొంతు కాదు. సరుకు ఇచ్చేటప్పుడే మనిషి ముందు రాసి, చదివి వినిపించి, చీటీ చేతికిస్తాను. పేరు, తేదీ, సరుకుతో పాటు ఎవరు వచ్చి తీసుకెళ్లారో కూడా రాస్తాను. "నేనెక్కడ తీస్కపోయిన, మా తమ్ముడు తీస్కపోయిండేమో" అనే తగాదా ఒక్కటి తగిలితే చాలు, ఆ గడి విలువ తెలుస్తుంది. రోజూ దుకాణం కట్టేసేముందు గల్లా లెక్క, పద్దుల పుస్తకం రెండూ చూస్తాను. ఇక అడగడం: దసరా ముందే, పత్తి ఇంకా చేనులో ఉండగానే, "ఈసారి మొదటి ఏరుడులో నాకెంత సర్దుతవ్ అన్నా?" అని మెల్లగా ఒక మాట. పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐకి అమ్మిన డబ్బు బ్యాంకు ఖాతాలో పడేసరికి ఏరిన కూలీలు, పంట రుణం, పెళ్లి ఖర్చు అన్నీ దాని కోసం ఎదురుచూస్తుంటాయి. ఆ వరసలో మన పేరు ముందే చేరి ఉండాలి.

అపోహ: వ్యాపారం కొందరి రక్తంలోనే ఉంటుంది.

మాది వ్యవసాయం చేసే ఇల్లు. మిర్యాలగూడలో ఒక దుకాణంలో నాలుగేళ్లు గుమాస్తాగా చేసి నేర్చుకున్నాను. వ్యాపారుల పిల్లలకు ఉన్నది రక్తం కాదు, చిన్నప్పటి నుంచి గల్లా పక్కన కూర్చుని లెక్క చూసిన చూపు. అది నేర్చుకుంటే వస్తుంది. పాలమూరు నుంచి వలస వెళ్లిన కూలీల గుంపు మేస్త్రీలను చూడండి. ఎవరికి ఎంత అడ్వాన్సు ఇచ్చారు, ఎవరు ఎన్ని రోజులు పని చేశారు, ఎవరి ఇంటికి ఎంత పంపాలి, ఇవన్నీ బడికి వెళ్లని మేస్త్రి కూడా నోటి లెక్కతో నడిపించాడు. ఆయన వ్యాపారి కాడని ఎలా అంటాం?

అపోహ: నిజాయితీగా ఉంటే మిగలదు.

యూరియా సంగతే చూద్దాం. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు. డీలరుకు మిగిలేది పదహారు లోపే, అందులోంచే హమాలీ. 2018 నుంచి మిషన్‌లో రైతు వేలిముద్ర పడితే గానీ బస్తా కదలదు. 2025 వానాకాలంలో కొరత వచ్చి, కొన్ని చోట్ల రైతులు లైన్లో చెప్పులు పెట్టి ఎదురుచూశారు. అలాంటప్పుడు యూరియా కావాలంటే ఫలానా డబ్బా కూడా కొనాల్సిందే అని లింకు పెట్టేవాళ్లుంటారు. ఆ వారం వాళ్ల గల్లా నిండుతుంది, నేను కాదనను. నాకైతే అది నచ్చదు. కొరత తీరాక కూడా ఆ రైతులకు ఆ దుకాణం పేరు గుర్తుంటుంది.

అపోహ: చదువుతో పనేముంది?

ఇప్పుడు పురుగుమందుల లైసెన్సుకు వ్యవసాయం, కెమిస్ట్రీ లాంటి డిగ్రీ గానీ, డీలర్ల కోసం పెట్టిన ఏడాది డిప్లొమా గానీ ఉండాలి. దాని ఇంగ్లీషు పేరును కుదించి దేశీ (DAESI) కోర్సు అంటాం, హైదరాబాదులోని జాతీయ వ్యవసాయ విస్తరణ సంస్థ మేనేజ్ 2003లో మొదలుపెట్టింది. వారానికి ఒక రోజు క్లాసు, దుకాణం నడుపుకుంటూనే చదవచ్చు. డబ్బా మీది త్రికోణం ఎరుపైతే అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ అని తెలియకుండా అమ్మడం ప్రాణాలతో ఆట.

పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా దుకాణంలో కూర్చుంటేనే పైకొస్తారనేది ఇంకొకటి. సీజన్ రెండు మూడు నెలలు తప్పదు. మిగతా రోజుల్లో నేను సాయంత్రం చేల మీదికి వెళతాను. ఏ మడికి ఏం కావాలో గల్లా దగ్గర కూర్చుంటే కనపడదు.

మొన్న అడిగిన అబ్బాయిని జూన్‌లో రమ్మన్నాను. వానాకాలమంతా మా దుకాణంలో ఉద్దెర తనే రాయాలి, డిసెంబరులో తనే వెళ్లి అడిగి తేవాలి. జీతం ఇస్తాను. షాపు పెట్టాలా వద్దా అనేది ఆ తర్వాత మాట్లాడుకుందామన్నాను. సరేనన్నాడు గానీ, వసూలు మాట రాగానే కొంచెం తల గోక్కున్నాడు.