సెప్సిస్ రూల్స్ ఇన్నిసార్లు ఎందుకు మారాయి?

గుంటూరు కొత్తపేటలో అయినా విజయవాడ సూర్యారావుపేటలో అయినా ఐసీయూ బయట కూర్చున్నవాళ్ళకి వినపడే మాట ఒకటే, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది, బీపీ నిలబడట్లేదు అని. నిజానికి రక్తంలో క్రిములు వెతికే బ్లడ్ కల్చర్ పరీక్షలో ఏ క్రిమీ దొరక్కపోయినా సెప్సిస్ ఉండొచ్చు. ఇన్ఫెక్షన్‌కి ఒళ్ళు స్పందించే తీరు అదుపు తప్పి మన కిడ్నీల్నీ ఊపిరితిత్తుల్నీ దెబ్బతీయడమే అసలు జబ్బు.

ఈ సంగతి డెఫినిషన్‌లోకి ఎక్కడానికే పాతికేళ్ళు పట్టింది. 1991లో అమెరికాలో స్పెషలిస్టులు కూర్చుని టెంపరేచర్, గుండె వేగం, ఊపిరి వేగం, తెల్లకణాలు ఈ నాలుగింట్లో రెండు తేడాగా ఉండి ఇన్ఫెక్షన్ కూడా ఉంటే సెప్సిస్ అన్నారు, ఆ లెక్కన మామూలు ఫ్లూ జ్వరం వచ్చినోడు కూడా అందులోకే వస్తాడు. 2016లో గానీ అవయవాలు దెబ్బతింటేనే సెప్సిస్ అని మార్చలేదు.

మధ్యలో పెద్ద కథే నడిచింది. 2001లో డెట్రాయిట్‌లో రివర్స్ అనే డాక్టరు 263 మంది మీద స్టడీ చేసి, ఎమర్జెన్సీలోనే మొదటి 6 గంటలు ఒక పద్ధతిగా సెలైన్, బీపీ మందులు, అవసరమైతే రక్తం ఇస్తే చావులు 46.5 శాతం నుంచి 30.5కి తగ్గాయని చూపించాడు. ఇక అదే అందరికీ రూలయింది. అదే ఏడాది పర్మిషన్ వచ్చిన జైగ్రిస్ అనే ఖరీదైన సెప్సిస్ మందు మాత్రం పనిచేయట్లేదని తేలి 2011లో మార్కెట్ నుంచి పోయింది. తర్వాత 2014, 15లో మూడు పెద్ద ట్రయల్స్ వచ్చి రివర్స్ పద్ధతికీ మామూలు ట్రీట్‌మెంట్‌కీ తేడా లేదన్నాయి. అంటే ఆయన తప్పనా? నాకైతే అలా అనిపించదు, ఈలోపు మామూలు ట్రీట్‌మెంటే మారిపోయింది, యాంటీబయాటిక్ తొందరగా వేయడం అందరికీ అలవాటైంది.

ఇంకోటి, 2011లో ఆఫ్రికాలో జ్వరంతో, అవయవాలకి రక్తం సరిగా అందక షాక్‌లోకి వెళ్తున్న పిల్లలకి గబగబా సెలైన్ ఎక్కిస్తే చావులు పెరిగాయి. వేరే దేశం ప్రోటోకాల్‌ని ఉన్నదున్నట్టు దించుకోకూడదని అప్పుడే అర్థమవ్వాల్సింది. మన దగ్గర చిన్న పురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం ఉంది, రోజూ వాడే సెఫ్‌ట్రయాక్సోన్ యాంటీబయాటిక్ దానికి పనిచేయదు, డాక్సీసైక్లిన్ కావాలి. ముదిరిన కేసుల్లో అజిత్రోమైసిన్ కూడా కలిపిస్తే ఇంకా మంచిదని వేలూరు సీఎంసీ వాళ్ళు ముందుండి చేసిన ట్రయల్ 2023లో తేల్చింది.

ఇక చదువు విషయం. ఇండియన్ సొసైటీ ఆఫ్ క్రిటికల్ కేర్ మెడిసిన్ 1993లో పుట్టింది, సొంతంగా డిప్లొమాలు కూడా పెట్టింది. కానీ అదంతా ఐసీయూ లోపలి చదువు, మాచర్ల నుంచో రేపల్లె నుంచో వచ్చే పేషెంటు అప్పటికే ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్లు ఎక్కించుకుని ఆలస్యంగా చేరతాడు. నేర్పాల్సింది అక్కడ. మత్తుగా మాట్లాడుతున్నాడా, ఒంటేలు తగ్గిందా, బీపీ 100 లోపు ఉందా, నిమిషానికి ఊపిరి 22కి చేరిందా, వీటికి బీపీ మిషన్ తప్ప వేరేవేం అక్కర్లేదు. వీటిలో మత్తు, బీపీ, ఊపిరి కలిపి లెక్కేసే qSOFA అనే స్కోరు ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోవద్దని 2021 అంతర్జాతీయ సెప్సిస్ గైడ్‌లైన్స్ చెప్పాయి, అది నిజమే గానీ ముందు అసలు లెక్కపెట్టాలి కదా, చాలా కేస్ షీట్లలో ఊపిరి దగ్గర అందరికీ 20 అనే రాసి ఉంటుంది.